వెంటాడుతున్నారన్న భయం, ఎవరూ నమ్మని బాధ: నా అనుభవం నుంచి ఒక సమాధానం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. రెండేళ్లుగా తెలియని మనుషులు మీ వెంట వస్తున్నారని, ఫోన్‌లో మాట్లాడిన మాటలు మరునాడు పరాయివాళ్ల నోట వినిపిస్తున్నాయని, మీరు ఇంట్లో లేనప్పుడు ఎవరో వచ్చి వస్తువులు జరిపి వెళ్తున్నారని, ఇవన్నీ నోటుపుస్తకంలో రాసిపెడుతున్నారని, పోలీసులు ఫిర్యాదు తీసుకోలేదని, ఇంట్లోవాళ్లు "అంతా నీ భ్రమ" అంటున్నారని రాశారు. వేధించేవాళ్ల మీదకంటే నమ్మనివాళ్ల మీదే ఎక్కువ కోపం వస్తోందని కూడా రాశారు. ఇప్పుడేం చేయమంటారని అడిగారు. మనస్తత్వ నిపుణుడిగా 20 ఏళ్లకు పైగా ఇటువంటి భయంతో వచ్చినవారితోనూ, నిజంగానే ఎవరో వెంటపడితే తట్టుకోలేక వచ్చినవారితోనూ కూర్చుని మాట్లాడాను. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

మీ వెంట ఎవరైనా పడుతున్నారా లేదా అన్నది నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. తేల్చినట్లు మాట్లాడటం మీకు చేసే అన్యాయం అవుతుంది. అయితే మీకు నిద్ర లేదన్నది, తలుపు చప్పుడైతే గుండె దడదడలాడుతోందన్నది, స్నేహితులు ఒక్కొక్కరే దూరమయ్యారన్నది నేను పూర్తిగా నమ్ముతున్నాను. మీ బాధను నమ్మడం వేరు, ఆ బాధకు మీరు చెప్పే కారణాన్ని నమ్మడం వేరు. మీ ఇంట్లోవాళ్లు కారణాన్ని నమ్మలేక బాధను కూడా కొట్టిపారేస్తున్నారు. మీరేమో కారణాన్ని ఒప్పుకోనివారెవరూ బాధను అర్థం చేసుకోలేరని అనుకుంటున్నారు. ఈ ముడి విప్పగలిగితే, కారణం సంగతి తేలకముందే మీకు కొంత సాయం అందే వీలుంటుంది.

ఈ తేడా నాకు మొదట్లో తెలియదు. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నా దగ్గరికి ఒక నడివయసు పెద్దమనిషి వచ్చారు. తన వెనుక వచ్చిన బండ్ల నంబర్లను తేదీ, సమయంతో సహా రాసిపెట్టుకున్న నోటుపుస్తకాలు సంచీ నిండా తెచ్చారు. నేను వాటిలో ఎక్కడెక్కడ పొంతన కుదరలేదో వెతికి పట్టుకుని, ఒకే బండి ఒకే సమయంలో రెండు చోట్ల ఉన్నట్లు రాసిన పేజీలు చూపించి, గంటసేపు వాదించాను. ఆయన మర్యాదగా అంతా విని, పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. అప్పటికి మూడు వారాలుగా ఆయన రాత్రికి రెండు గంటలకు మించి నిద్రపోలేదని తర్వాత ఆయన భార్య ద్వారా తెలిసింది. నిద్ర పడుతోందా అన్న ఒక్క మాట నేను అడగలేదు. ఆ తప్పు నాది, అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నమ్మకపోవడం ఎంత నష్టం చేస్తుందో చెప్పే సంఘటనలు చరిత్రలో ఉన్నాయి, వాటిని దాచడం నాకిష్టం లేదు. అమెరికా అటార్నీ జనరల్‌గా పనిచేసిన జాన్ మిచెల్ భార్య మార్తా మిచెల్, 1972లో వాటర్‌గేట్ వ్యవహారం (అధ్యక్షుడు నిక్సన్ ఎన్నికల ప్రచార బృందంతో సంబంధం ఉన్నవారు ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో చొరబడిన కుంభకోణం) బయటపడుతున్న రోజుల్లో, పైస్థాయిలో అక్రమాలు జరుగుతున్నాయని, తనను హోటల్ గదిలో నిర్బంధించారని విలేకరులకు చెప్పారు. ఆమెకు మతి స్థిమితం లేదని ప్రచారం చేశారు. తర్వాత ఆమె చెప్పిన ముఖ్యమైన విషయాలు నిజమని తేలింది. చికిత్స చేసేవాళ్లు నిజాన్నే భ్రమగా పొరపాటుపడటాన్ని బ్రెండన్ మాహర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1988లో ఆమె పేరుతోనే "మార్తా మిచెల్ ప్రభావం" అన్నారు. తూర్పు జర్మనీ రహస్య పోలీసు విభాగం స్టాసీ 1976 నాటి ఆదేశం ప్రకారం, ప్రభుత్వాన్ని విమర్శించేవారి మనోస్థైర్యాన్ని లోపలి నుంచి కూల్చే పద్ధతిని అమలు చేసింది. ఇంట్లో చొరబడి వస్తువులు జరపడం, స్నేహితుల మధ్య అనుమానాలు నాటడం అందులో భాగాలు. ఎవరితో చెప్పుకున్నా నమ్మని స్థితికి మనిషిని చేర్చడమే వాళ్లకు కావలసింది. 1992లో ఆ దస్త్రాలు చూసే హక్కు బాధితులకు వచ్చినప్పుడు చాలామంది తమ మీద జరిగిన కుట్రను కాగితం మీద చదువుకున్నారు.

మీరు ఇంతకుముందే ఈ ఉదాహరణలను ఎక్కడో చదివి ఉంటారు. వాటిని చూపించి "కాబట్టి నీకు జరుగుతున్నదీ నిజమే" అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. అయితే స్టాసీ సంగతిని చివరిదాకా ఆలోచించండి. 1989 నాటికి దాదాపు ఒక కోటీ 60 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో స్టాసీకి 91,000 మంది పూర్తికాల ఉద్యోగులు, సుమారు 1,89,000 మంది రహస్య సమాచారకులు ఉండేవారు. అంత యంత్రాంగం ఉన్నా వాళ్లు మనిషిని ఎంచుకునేందుకు కారణం ఉండేది: అతను ఏదో రాశాడు, ఎవరినో కూడగట్టాడు, దేశం విడిచి వెళ్లే అనుమతి అడిగాడు. మనిషి మీద 24 గంటలూ కన్నేసి ఉంచాలంటే ఒక్కో వంతుకు (షిఫ్టుకు) కనీసం నలుగురు, అటువంటి వంతులు రోజుకు మూడు, వాళ్ల సెలవులకు మారుమనుషులు, వాహనాలు, నివేదికలు చదివే అధికారులు కావాలి. అంత ఖర్చు మీ మీద ఎవరు పెడతారు, దాని వల్ల వాళ్లకు ఏం ఒరుగుతుంది అన్న ప్రశ్న మిమ్మల్ని తక్కువ చేయడానికి అడగడం లేదు. నిజంగా వెంటపడేవారి విషయంలో ఈ ప్రశ్నకు సాధారణంగా జవాబు దొరుకుతుంది. వాళ్లు ఎక్కువసార్లు తెలిసినవాళ్లే అయి ఉంటారు: విడిపోయిన భాగస్వామి, తిరస్కరణకు గురైనవాడు, పాత సహోద్యోగి. సాధారణంగా వాళ్లు ఒక్కరే, వాళ్లకు మీ నుంచి ఏదో కావాలి, అందుకే ఎప్పుడో ఒకప్పుడు ఫోన్ చేస్తారు, సందేశం పంపుతారు, ఎదురుపడతారు. జవాబు "అందరూ" అయినప్పుడు, దారిన పోయే ప్రతి మనిషీ, ప్రతి దగ్గూ, ప్రతి బండి హారనూ అందులో భాగమైనప్పుడు, వేరే దిక్కున వెతకవలసిన సమయం వచ్చిందని నా అనుభవం చెబుతోంది.

అలా అన్నా, వెతకకుండానే వదిలేయమనను. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి (గుర్తుపట్టే వివరాలు మార్చాను) తాను ఎక్కడికి వెళ్లినా విడిపోయిన భర్తకు తెలిసిపోతోందని చెబితే బంధువులంతా నవ్వారు. ఆమె ఫోన్ ఖాతా అతని పాత టాబ్లెట్‌లో ఇంకా తెరిచే ఉందని, లొకేషన్ అక్కడికే చేరుతోందని అరగంటలో బయటపడింది. అందుకే సాంకేతిక పరీక్ష ఒకసారి, తెలిసిన మనిషితో, సక్రమంగా చేయించుకోండి. మీ ఖాతాలు ఏయే పరికరాల్లో తెరిచి ఉన్నాయో, లొకేషన్ ఎవరితో పంచుకుంటున్నారో, మీరు వేయని యాప్ ఏదైనా అడ్మిన్ అనుమతులతో (ఫోన్‌ను నియంత్రించే అధికారంతో) కూర్చుందో, వైఫై పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసో చూడమనండి. మనకు తెలియకుండా సంచిలోనో బండిలోనో పెట్టి, ఎక్కడున్నామో తెలుసుకునే చిన్న పరికరాలైన బ్లూటూత్ ట్రాకర్ల గురించి 2024 మే నుంచి యాపిల్, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ హెచ్చరికలు ఇస్తున్నాయి. ఆ సెట్టింగ్ వేసి ఉందో లేదో చూసుకోండి. ఒక జాగ్రత్త: మీ అనుమానం ఇంట్లోనే ఉన్న మనిషి మీదో, హింసాస్వభావం ఉన్న పాత భాగస్వామి మీదో అయితే, గూఢచారి యాప్ కనబడగానే తీసేయకండి. తీసేసిన సంగతి అవతలివారికి వెంటనే తెలిసి ప్రమాదం పెరగవచ్చు, ఆధారమూ పోతుంది. ముందు వేరే ఫోన్ నుంచి గృహహింస సహాయకులతో మాట్లాడండి. ఇంటి విషయంలో తాళం మార్పించండి. మార్చిన తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో మీకు తెలిసి ఉండాలి.

ఆ పరీక్షలో ఏమైనా దొరికితే దాన్ని పట్టుకుని పోలీసుల దగ్గరికి మళ్లీ వెళ్లండి. స్క్రీన్‌షాట్, తేదీ, పరికరం పేరు ఉన్న ఫిర్యాదును తోసిపుచ్చడం అంత తేలిక కాదు. ఏమీ దొరకకపోతే ఏం చేస్తారన్నది మాత్రం పరీక్షకు ముందే కాగితం మీద రాసుకోండి. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే భయం లోతుగా దిగినప్పుడు "ఏమీ దొరకలేదు" అన్న మాట "వాళ్లు అంత నైపుణ్యం గలవాళ్లు" అన్న రుజువుగా మారిపోతుంది. ఏ ఫలితం వచ్చినా ఒకే నిర్ణయానికి తీసుకుపోయే పరీక్ష పరీక్ష కాదు. రెండో ఫోన్, మూడో ఫోన్ కొన్నవాళ్లను చూశాను, ఇళ్లు మారినవాళ్లను చూశాను. కొత్తచోట కొద్ది వారాలు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ అవే కళ్లు, అవే గుసగుసలు. పదేపదే తనిఖీ చేయడం వల్ల వచ్చే ఊరట గంటల్లో ఆవిరైపోయి, మరింత భయాన్ని మిగిల్చి వెళ్తుంది.

ఇప్పుడు మీకు కష్టమనిపించే భాగానికి వస్తున్నాను. 2015లో ఒక అధ్యయనం అచ్చయింది. తమను ఎవరో వెంటాడుతున్నారని చెప్పిన 1,040 మందిలో 128 మంది, ఒక గుంపు కూడబలుక్కుని తమను వేధిస్తోందని చెప్పారు. పరిశోధకులు ఆ 128 మందినీ, ఒకే వ్యక్తి వెంటపడ్డాడని చెప్పిన మరో 128 మందినీ పోల్చి చూశారు. గుంపు గురించి చెప్పిన వాటన్నింటినీ భ్రమకు సంబంధించినవేనని అంచనా వేశారు. ఒక్క వ్యక్తి గురించి చెప్పిన వాటిలో అటువంటివి 3.9 శాతమే. ఈ ముక్కను మాత్రమే పట్టుకుని మాట్లాడేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం అదే అధ్యయనంలోని మరో సంగతి ముఖ్యం: కుంగుబాటు, తీవ్ర ఆఘాతం తర్వాత కనిపించే లక్షణాలు, ఉద్యోగమూ బంధాలూ దెబ్బతినడం, ఇవన్నీ గుంపు వేధిస్తోందని చెప్పినవారిలోనే ఎక్కువగా ఉన్నాయి. అంటే కారణం భ్రమ అయినప్పుడు బాధ తక్కువ కాదు, ఎక్కువ. వెంటాడేవాడు ఒక్కడైతే అతను నిద్రపోయినప్పుడైనా బాధితుడికి ఊపిరి ఆడుతుంది. తలలో పుట్టిన నిఘాకు విరామం లేదు.

మంచి తెలివితేటలు ఉన్న మనిషికి ఇలా ఎందుకు జరుగుతుందని మీరు అడగవచ్చు. దీనికీ తెలివికీ సంబంధం లేదు. చుట్టూ కనిపించే వేల విషయాల్లో ఏది ముఖ్యమో, ఏది పట్టించుకోనక్కర్లేదో గుర్తు పెట్టే పనిలో మెదడులోని డోపమైన్ అనే రసాయనానికి పాత్ర ఉంది. ఆ వ్యవస్థ అదుపు తప్పితే అనవసరమైన వాటికి కూడా "ఇది నీ గురించే" అన్న ముద్ర పడుతుందని 2003లో షితిజ్ కపూర్ అనే మనోవైద్యుడు వివరించారు. ముద్ర ముందు పడుతుంది. కథ తర్వాత అల్లుకుంటుంది. ఎర్ర కారు రెండుసార్లు కనబడినప్పుడు మనసులో ముందు పుట్టేది ఆలోచన కాదు, గుండె జల్లుమనే అనుభూతి. ఆ అనుభూతికి అర్థం వెతికే క్రమంలో, తెలివైన మనిషి మరింత పకడ్బందీ అయిన కథ కట్టగలుగుతాడు. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, గంజాయి, మెదడును ఉత్తేజపరిచే మాదకద్రవ్యాలు, కొన్ని స్టెరాయిడ్ మందులు, థైరాయిడ్ సమస్యలు, పెద్ద వయసులో వినికిడి తగ్గడం, మతిమరుపు జబ్బులు, ఒంటరితనం, గతంలో నిజంగా ఎదురైన హింస, వీటిలో ఏదైనా ఆ స్థితికి తోసేయగలదు. పక్కింటివాళ్లు గోడ అవతల తనను తిడుతున్నారని నమ్మిన ఒక పెద్దావిడకు వినికిడి పరికరం పెట్టించాక ఆ తిట్లు చాలావరకు ఆగిపోయాయి. అందుకే మనోవైద్యం మాట వచ్చేలోపే మామూలు వైద్య పరీక్షలు చేయించుకోమంటాను.

నిజమైన నిఘా, నిజమైన జబ్బు ఒకే మనిషి జీవితంలో కలిసి ఉండవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి. అమెరికా రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే చివరి రోజుల్లో ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తనను గమనిస్తోందని పదేపదే అనేవారు. రాత్రిపూట బ్యాంకులో దీపాలు వెలుగుతుంటే తన ఖాతాలే తవ్వుతున్నారని అనుకున్నట్లు ఆయన స్నేహితుడు రాశారు. 1961లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఎఫ్‌బీఐ ఆయన మీద 1942 నుంచే దస్త్రం నడిపిందని 1980లలో బయటపడింది. అది చూసి, ఆయనకు జబ్బే లేదని, ఆయన్ను చంపింది నిఘాయేనని కొందరు అంటారు. దస్త్రం ఉన్నది నిజం. ఆయన తీవ్రమైన కుంగుబాటులో ఉన్నదీ నిజం. బ్యాంకు దీపాలు ఆయన కోసం వెలగలేదన్నదీ దాదాపు అంతే నిజం. "నా మీద నిఘా ఉందా" అన్న ప్రశ్నకు ఎప్పటికి జవాబు దొరికినా, "నాకు చికిత్స కావాలా" అన్న ప్రశ్న దాని కోసం ఆగనక్కర్లేదు.

చికిత్స అంటే మిమ్మల్ని కూర్చోబెట్టి "అదంతా అబద్ధం" అని ఒప్పించడం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో డేనియల్ ఫ్రీమన్ బృందం, ఎవరో తమకు హాని తలపెట్టారన్న నమ్మకం ఎంతకీ పోని వారి కోసం ఒక మాటల చికిత్సను రూపొందించి, 2021లో ఫలితాలు ప్రకటించింది. ఆరు నెలల ఆ చికిత్స పొందినవారిలో సుమారు సగం మందికి ఆ నమ్మకం పట్టు వదిలింది. వాళ్లు వాదనకు దిగలేదు. నిద్ర బాగుచేశారు, రోజంతా సాగే దిగులును రోజులో నిర్ణయించిన కాస్త సమయానికి కుదించారు, తన మీద తనకు పోయిన గౌరవాన్ని తిరిగి నిలబెట్టారు, ఆ తర్వాతే, తలవంచుకుని గోడ వెంట నడవడం, కర్టెన్లు మూసి ఉంచడం వంటి రక్షణ అలవాట్లను మెల్లగా సడలిస్తూ బయట తిరిగించి, ఏం జరుగుతుందో స్వయంగా చూడనిచ్చారు. మందుల సంగతి కూడా సూటిగా చెబుతాను. చాలామందికి అవి ఆ "ముద్ర" తీవ్రతను తగ్గిస్తాయి. మత్తు, బరువు పెరగడం, వణుకు వంటి ఇబ్బందులూ ఉంటాయి. వాటిని దాచకుండా చెప్పి మోతాదో మందో మార్పించుకోవడం మీ హక్కు. ఒక్కసారిగా మానేయడం మాత్రం ప్రమాదం.

నోటుపుస్తకం రాస్తున్నారన్నారు కదా, ఇకపై రాసే తీరు మార్చండి. పేజీకి ఎడమవైపు కంటికి కనబడింది మాత్రమే: "ఆకుపచ్చ చొక్కా మనిషి నావైపు చూశాడు." కుడివైపు మీరు దానికి ఇచ్చిన అర్థం, అది ఎంత శాతం నిజమని ఆ క్షణంలో అనిపించిందో ఒక అంకె, ముందురోజు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో మరో అంకె. రోజుకు 15 నిమిషాలు చాలు, రాత్రిపూట వద్దు, పాత పేజీలు తిరగేయవద్దు. నెల తర్వాత నిద్ర అంకెను, నమ్మకం అంకెను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు నేను చెప్పగలిగినదానికంటే ఎక్కువ అర్థమైంది. పక్కవారిని ఫొటోలు తీయడం, నిలదీయడం, వాళ్ల పేర్లు నెట్‌లో పెట్టడం వెంటనే ఆపండి; మీరు పొరబడితే వేధింపు చేసినవారు మీరే అవుతారు. రాత్రంతా ఇటువంటి అనుభవాలే చదువుతూ, రేడియేషన్ కవచాలు అమ్మేవాళ్ల మాటలు వింటూ గడపడం కూడా తగ్గించండి. అక్కడ మిమ్మల్ని నమ్ముతారు, అందుకే వదలడం కష్టమని నాకు తెలుసు. కానీ వాళ్లు మీ భయానికి కొత్త పేర్లు పెట్టగలరే తప్ప మీకు నిద్ర ఇవ్వలేరు.

చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, ఎవరినైనా కొట్టాలనిపించినా, అలా చేయమని ఏదైనా గొంతు చెప్పినా, ఈ సమాధానం అక్కడే ఆపేసి ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లండి, లేదా పక్కనున్న మనిషిని పిలిచి తోడు తీసుకెళ్లమనండి.

మీ ఇంట్లోవారికి చూపించడానికి ఈ నాలుగు మాటలు. "నీకు పిచ్చి" అనకండి. అలాగని బాధ చూడలేక "అవును, నేనూ చూశాను" అని లేనిది ఉన్నట్లు చెప్పకండి. ఆ అబద్ధం భయానికి సాక్ష్యంగా మిగిలిపోతుంది. "నాకు అలా కనిపించడం లేదు, కానీ నువ్వు ఎంత భయపడుతున్నావో కనిపిస్తోంది, ఈ రాత్రి నేను హాల్లో పడుకుంటాను" అనండి. భయపడుతున్న మనిషికి తెలియకుండా వైద్యుడితో మాట్లాడటం, తిండిలో మందు కలపడం వంటివి చేయకండి. తన వెనుక ఏదో జరుగుతోందని భయపడే మనిషి వెనుక నిజంగానే ఏదో జరిపితే, ఆ తర్వాత ఆయన ఎవరినీ నమ్మలేరు.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు మీకు నమ్మకం మిగిలి ఉన్న ఒక్క మనిషిని వెంట తీసుకెళ్లండి. అన్నీ ఒకేసారి చెప్పాలని పుస్తకాలన్నీ మోసుకెళ్లకండి. ఒకే కాగితం చాలు. దాని మీద మొదట నిద్ర ఎన్ని గంటలో, ఆకలి ఎలా ఉందో, వాడుతున్న మందులు, అలవాట్లు ఏమిటో రాయండి. తర్వాత "నన్ను గమనిస్తున్నారని నాకు అనిపిస్తోంది, పరీక్ష చేయిస్తే ఇది దొరికింది లేదా ఏమీ దొరకలేదు, అది నిజమో కాదో మీరు తేల్చనక్కర్లేదు, ఈ భయంతో రోజు గడపలేకపోతున్నాను, దానికి సాయం కావాలి" అని రాసి చదివి వినిపించండి. థైరాయిడ్, విటమిన్ బీ12, వినికిడి పరీక్షలు మీరే అడగండి. ఆ వైద్యుడు మీ కాగితం పూర్తిగా వినకముందే మందుల చీటీ రాయడం మొదలుపెడితే, ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. విని, నిద్ర గురించి రెండో ప్రశ్న వేస్తే, ఆరు వారాలు ఆయనతోనే ఉండి చూడండి. ఆ ఆరు వారాల్లో కుడివైపు అంకెలు ఎలా మారాయో నాకు ఇక్కడే రాయండి, చదువుతాను.